సున్నా అడుగులు లాగిన ఎడ్లు

డాక్టరు నా పొట్ట వంక చూసి "నడవాలి" అన్నాడు. నేనూ నా పొట్ట వంక చూసి "ఎవరు?" అన్నాను. మేమిద్దరం వేరు కాపురాలు పెట్టామని నాకు చానా రోజుల్నుంచి అనుమానం. అది గుమ్మం దాటి లోపలికొచ్చిన కాసేపటికి గానీ నేను రాను. బయట నడుద్దామంటే మా వీధి కుక్కలకి నేనంటే వల్లమాలిన ప్రేమ. అందుకని మా అమ్మాయి, ఎక్కడో సగం ధరకి వచ్చిందని, ఓ ట్రెడ్‌మిల్లు కొనుక్కొచ్చి ఇంట్లో పెట్టింది. కింద రబ్బరు పట్టీ వెనక్కి పోతుంటే మనం ముందుకి నడుస్తా ఉండాలి. మొన్న పొద్దున చొక్కా తడిసిపోయేట్టు నడిచి, దాని మీద ఎర్ర అంకెలు చూసుకుని, యుద్ధం గెలిచినవాడిలా "ఏమే, మూడు కిలోమీటర్లు నడిచా" అని కేకేశాను. మా ఆవిడ పప్పుగుత్తి చేత్తో పట్టుకుని వంటింట్లోంచి తొంగి చూసి, "యాడికి పోయొచ్చావు? ఫ్రిజ్జు పక్కనే ఉన్నావుగా" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. తను పప్పు ఎనుపుకోటానికి పోయింది. నేను తువ్వాలుతో మెడ తుడుచుకుంటా ఆ యంత్రం మీదే కూలబడ్డాను. నవ్వు ఇంకా మూతి మీద ఉండగానే లోపల ఏదో చురుక్కుమంది. చెమటలు కక్కేట్టు తిరిగి తిరిగి మళ్ళీ బయలుదేరిన చోటే తేలటానికి సైన్సులో ఓ లెక్క ఉంది. తిరిగిందంతా కూడితే దూరం. బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటికి సూటిగా గీత గీస్తే వచ్చేది స్థానభ్రంశం. తొమ్మిదో తరగతి పూర్తికాకుండానే చదువు చాలించినవాణ్ణి, నాకు రాని పాఠాలు లారీకి ఎత్తొచ్చు. ఈ ఒక్క పాఠం మాత్రం నిద్రలో లేపి అడిగినా ఒప్పజెబుతా. మా సైన్సు మాస్టారు అంత బాగా చెప్పాడు. అంత బాగా చెప్పినందుకే ఆయన మీద పగబట్టాను. మా పల్నాడులో పగని పండుమిరప పచ్చడిలా దాచుకుంటాం. జాడీలో కుక్కి, మూతికి వాసెన గుడ్డ కట్టి, అటక మీద పెట్టి, అప్పుడప్పుడూ దించి, బూజు పట్టలేదు గదా అని చూసుకుని మళ్ళీ ఎక్కిస్తాం. తొందరపడి తినేవాళ్ళకి దాని రుచి తెలియదు.

ఎనభైల మొదట్లో మాట ఇది. గురజాలలో హైస్కూలు. మాస్టారు అక్కడికి కొంచెం దూరంలో ఉన్న అత్తగారి ఊరి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఆయన ఇల్లరికపుటల్లుడు. మామగారు ఆ ఊళ్ళో పెద్ద రైతు. మిరప, పత్తి, మాగాణి అన్నీ ఉన్నా ఆయన ప్రాణమంతా ఒంగోలు ఎడ్ల జత మీదే. ఆ ఎడ్లకి పెట్టే దాణా మా ఇంట్లో మనుషులకి పెట్టేదానికన్నా బలమైందని మా అమ్మ అంటుండేది. ఇక మాస్టారు సన్నటి మనిషి. మడత నలగని తెల్ల చొక్కా, జేబులో ఎర్రసిరా పెన్ను. బళ్ళో పులి. ఆయన అడుగుల చప్పుడు వరండాలో వినపడితే బల్లల మీద ఈగలు కూడా సర్దుకుని కూర్చునేవి. సాయంత్రం బజార్లో మాత్రం వేరే మనిషి. సైకిలు కారేజీకి మామగారి ఎడ్ల కోసం తెలగపిండి బస్తా కట్టుకుని, తొక్కలేక తోసుకుంటా, ఎవరి కళ్ళలోకీ చూడకుండా పోయేవాడు. ఒక్కోసారి మర్నాడు అదే బస్తా అదే కొట్టుకి వెనక్కి వచ్చేది. "మామగారికి వాసన నచ్చలేదంట" అని కొట్టువాళ్ళు నవ్వుకునేవాళ్ళు. మేమూ నవ్వుకునేవాళ్ళం, ఆయన వినపడనంత దూరం పోయాక.

ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆయన నల్లబల్ల మీద లెక్క రాశాడు. ఒకడు సైకిలు మీద ఇరవైనాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న సంతకి గంటకి పన్నెండు కిలోమీటర్ల వడితో పోయాడు. ఎదురుగాలి వల్ల వచ్చేటప్పుడు ఎనిమిది కిలోమీటర్ల వడితో వచ్చాడు. సగటు వడి ఎంత, స్థానభ్రంశం ఎంత? క్లాసంతా పన్నెండూ ఎనిమిదీ కలిపి సగం చేసి "పది సార్" అని అరిచింది. ఆయనకి ఆ క్షణం కోసమే బతుకుతున్నట్టు మొహం వెలిగింది. వడులు కలిపి సగం చేయకూడదంట. పోయిందీ వచ్చిందీ కలిపి నలభైయెనిమిది కిలోమీటర్లు, పోను రెండు గంటలు, రాను మూడు గంటలు, మొత్తం అయిదు. భాగిస్తే తొమ్మిది పాయింట్ ఆరు. "నెమ్మదిగా పోయిన దారి మీద ఎక్కువసేపు ఉంటామురా, అందుకని దాని బరువు ఎక్కువ" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. శత్రువైనా పాఠం పాఠమే. అక్కడితో ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. నా నోరు ఊరుకోలా. చెయ్యెత్తి, "సార్, ఇరవైనాలుగు కిలోమీటర్లు తొక్కుకుంటా సంతకి పోయినోడు ఏమన్నా కొన్నాడా, ఉత్త చేతులతో వచ్చాడా? ఉత్త చేతులతో వస్తే ఇంట్లోవాళ్ళు మళ్ళీ పంపుతారు గద సార్, అప్పుడు లెక్క మారిపోదూ?" అన్నాను.

నేను సంతకి పోయినోడి గురించే అన్నాను. క్లాసు మాత్రం తెలగపిండి బస్తా గురించి నవ్వింది. ఆడపిల్లల బల్ల వైపు నుంచి కూడా కిసుక్కుమని వినపడింది. మాస్టారి మొహంలో వెలుగు ఆరిపోవటం నేను చూశాను. ఆయన అరవలా, కొట్టలా. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, నన్ను వరండా మెట్ల దగ్గరికి తీసుకుపోయి, ఆవరణ చివర్న బోరింగు పంపు చూపించి, "ముట్టుకుని రా" అన్నాడు. వచ్చాను. "మళ్ళీ" అన్నాడు. వచ్చాను. "మళ్ళీ." కాళ్ళకి చెప్పుల్లేవు. ఆ ఎండలో మా పక్క ఎర్రమట్టి పెనం లాగుంటది. కిటికీల నిండా తలకాయలు. ఎన్నిసార్లు తిరిగానో లెక్కపెట్టుకునే ఓపిక నాకు లేదు, ఆపే ఉద్దేశం ఆయనకి లేదు. ఆఖరికి మెట్ల మీద చతికిలబడితే, క్లాసంతటికీ వినపడేట్టు అడిగాడు.

"ఎంత దూరం పోయావురా?"

"చానా దూరం సార్."

"కాదు. సున్నా. మెట్ల దగ్గర బయలుదేరావు, మెట్ల దగ్గరే ఉన్నావు. చూడండ్రా, స్థానభ్రంశం అంటే ఇదీ. వీడు ఎంత తిరిగినా ఇంతే. వీడి బతుకు మొత్తం సున్నా."

అంతే. మర్నాటికి నేను సున్నాగాణ్ణి అయిపోయాను. మా అమ్మా నాన్నా ఎంతో ఆలోచించి తాతగారి పేరు పెట్టుకున్నారు, అది రేషను కార్డులోనే ఉండిపోయింది. బడి మానేశాను. నాన్న నాలుగు తగిలించి, ఎందుకు మానేశావో చెప్పమంటే నేను నోరు విప్పలా. చెబితే ఆయన కూడా ఆ పేరుతోనే పిలుస్తాడేమోనని భయం. బడి వదిలితే పేరు వదులుద్ది అనుకున్నాను. పేరుకి ఏ బడీ అక్కర్లేదని తర్వాత తెలిసింది. కొన్నేళ్ళకి మా మేనమామ దాచేపల్లి వైపు నుంచి ఓ సంబంధం తెచ్చాడు. పిల్ల తండ్రి మా ఊరు వచ్చి నా అసలు పేరు చెప్పి ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరికీ తెలియలా. ఆఖరికి టీకొట్టు దగ్గర ఒకడు, "ఓ, మన సున్నాగాడా!" అని దారి చూపించాడంట. ఆ పెద్దమనిషి ఆ దారిన రాకుండా వచ్చిన బస్సే ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను జాడీ దించి చూసుకున్నాను. పచ్చడి ఎర్రగా, నిగనిగలాడతా ఉంది. నాకు కావాల్సింది ఒక్కటే. ఏ నోటితో నన్ను సున్నా అన్నాడో ఆ నోటితోనే, ఆ రోజు విన్నవాళ్ళకన్నా ఎక్కువమంది వింటుండగా, సున్నా కాదని చెప్పించాలి.

బడి మానేసిన నన్ను నాన్న తీసుకుపోయి గురజాలలో మైకుసెట్టు అద్దెకిచ్చే భాయ్ దగ్గర పనికి పెట్టాడు. భాయ్‌ది పెద్ద గడ్డం, చిన్న గొంతు. పెళ్ళిళ్ళకీ, తిరునాళ్ళకీ, దర్గా ఉర్సులకీ ఆయన హారన్లే మోగాలి. స్తంభాలెక్కి వైర్లు కట్టటం నేర్పాడు, ఆంప్లిఫయరు వేడెక్కితే తడిగుడ్డ దూరంగా పెట్టాలని నేర్పాడు. అన్నిటికన్నా పెద్ద విద్య ఒక రోజు దారిలో బీడీ కాలుస్తా చెప్పాడు. "బేటా, మైకు ముందు కోపంగా మాట్లాడితే జనం ఇళ్ళకి పోతారు. నవ్వుతా మాట్లాడు. అప్పుడు ఎవణ్ణి ఏమన్నా చెల్లుద్ది." నా కోసమే పుట్టిన మాటలా అనిపించింది. హలో టెస్టింగుతో మొదలుపెట్టి, తప్పిపోయిన పిల్లల్ని తల్లులకి అప్పగించి, మెల్లగా ఎడ్ల పందేల దగ్గర మైకు పట్టే స్థాయికి చేరాను. దుర్గి, మాచర్ల, అచ్చంపేట, ఎక్కడ పందెం పెట్టినా మైకు నాదే. ఎడ్ల మీద జోకు, తోలేవాళ్ళ మీసాల మీద జోకు, ఆసాముల తలపాగాల మీద జోకు. ఎవరూ కోప్పడేవాళ్ళు కాదు. నన్ను కూడా జనం ముద్దుగానే పిలిచేవాళ్ళు. "సున్నాగాడి మైకు విన్నావంటరా? కడుపుబ్బ నవ్వాల్సిందే!" వాళ్ళ ముద్దు నాకు ముల్లులా దిగేది.

మా పక్క బండలాగుడు పందెం చూడనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. మూడొందల అడుగుల బాట చదును చేసి రెండు చివరలా సున్నంతో గీతలు గీస్తారు. ఎడ్ల జతకి ఇంత పెద్ద రాతి బండ గొలుసుతో కట్టి, ఈ గీత నుంచి ఆ గీతకి లాగిస్తారు. అక్కడ ఎడ్లని తిప్పి, గొలుసు రెండో వైపుకి మార్చి, మళ్ళీ ఈ గీతకి. ఒక చివర నుంచి ఒక చివరకి ఒక రౌండు. ఒక్కో జతకి ఇరవై నిమిషాలు. ఈల మోగేసరికి ఎవరి ఎడ్లు మొత్తం మీద ఎక్కువ అడుగులు లాగితే వాళ్ళది ఫస్టు. మధ్యలో ఆగితే టేపు పెట్టి కొలుస్తారు. పాలు తాగే పిల్లాడికి కూడా తెలిసిన లెక్క ఇది. పోవటం, రావటం, పోవటం, రావటం. చూస్తా ఉంటే, బోరింగు పంపుకీ మెట్లకీ మధ్య పరుగెత్తిన ఒకడు గుర్తొచ్చేవాడు. వాడికి మాత్రం ఎవరూ టేపు పెట్టి కొలవలా.

నేను బడి మానేసిన ఎనిమిదో యేడు మాస్టారి అత్తగారి ఊళ్ళో తిరునాళ్ళకి పందేలు పెట్టారు. పెట్టించింది మామగారే, ఫస్టు కొట్టాలనుకుందీ ఆయనే. షీల్డు ముందే తెప్పించి తన ఇంటి నడవాలో మేకు కూడా కొట్టించాడని ఊరంతా చెప్పుకుంది. నాకు కబురు రాగానే భాయ్ కంటే ముందు నేను వైర్లు చుట్టటం మొదలుపెట్టాను. ఒక హారను మామగారి మిద్దె మీదే కట్టాను. స్టేజీ మీద పెద్దల కుర్చీల్లో మాస్టారు కూర్చుని ఉన్నాడు. జుట్టు కొంచెం నెరిసింది, చొక్కా మాత్రం అదే తెల్లన. చేతిలో గడియారం, మెళ్ళో ఈల. టైము చూసే పని అల్లుడికి అప్పగించారు. నేను దగ్గరికి పోయి వంగి నమస్కారం పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఎవరబ్బాయివి?" అన్నాడు.

గుర్తు లేను! ఇన్నేళ్ళు నేను జాడీ దించుకుంటా ఎక్కించుకుంటా ఉంటే, ఆయన నన్ను ఆ రోజు సాయంత్రానికే మర్చిపోయి బస్తా కట్టుకుని ఇంటికి పోయాడన్నమాట. అప్పటిదాకా మైకులో రెండు చురకలు వేసి వదిలేద్దామని ఉండేది. ఆ మాటతో అది కాస్తా పోయింది. "మీ శిష్యుణ్ణి మాస్టారూ. ఇయ్యాల నాలుగు మాటలు నేర్చుకుని బతుకుతున్నానంటే మీ చలవే" అన్నాను. పొంగిపోయాడు.

పందెం మొదలయ్యే ముందు మైకు అందుకున్నాను. "రైతు సోదరులారా, ఎడ్లు పోతయ్యి, వస్తయ్యి, మనం ఈలలేస్తాం. అసలు దూరం అంటే ఏందో, వడి అంటే ఏందో, సైన్సులో ఇంకో పెద్ద మాట ఉంది, అదేందో, మా గురువుగారు ఒక్క నిమిషం చెబుతారు. ఆయన దగ్గర ఈ పాఠం విని మర్చిపోయినవాడు నాకింతవరకు కనపడలా" అని ఆయన చేతికిచ్చాను. బళ్ళో నలభై మంది ముందు చెప్పేవాడు, ఎదురుగా తిరునాళ్ళ జనం మొత్తం. గొంతు సవరించుకున్నాడు. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగిస్తే సగటు వడి అని చెప్పాడు. ఆ తర్వాత నేను ఎదురుచూస్తున్న ముక్క, పొల్లు పోకుండా, తనంతట తనే చెప్పాడు. "దూరం ఎంతైనా ఉండొచ్చు. విజ్ఞానశాస్త్రంలో స్థానభ్రంశం ముఖ్యం. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చినవాడు ఎంత చెమటోడ్చినా వాడు పోయింది సున్నా." జనం చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా నేను కొట్టాను. మామగారు కూడా మీసం మీద చెయ్యేసుకుని, అల్లుడి వంక మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు.

దుర్గి ఆసామి ఎడ్లు ముందు దిగాయి. తొమ్మిది రౌండ్లు లాగి, పదో రౌండులో తిరిగొస్తా వంద అడుగుల దగ్గర ఆగాయి. రెండువేల ఎనిమిదొందలు. బయలుదేరిన గీత ఇంకా రెండొందల అడుగులుంది. చివర్న మామగారి జత దిగింది. ఆ ఎడ్ల గురించి అబద్ధం చెప్పను, వాటితో నాకు పగ లేదు. మొదటి రౌండ్లు పరుగులాంటి నడక. తర్వాత తర్వాత మోకాళ్ళు వణికాయి, నోట నురగ వచ్చింది. నెమ్మదిగా పోయిన దారి బరువేందో ఆ రోజు కళ్ళారా చూశాను. అయినా పదో రౌండు పూర్తిచేసి, బయలుదేరిన గీత మీదికి బండని లాక్కొచ్చాయి. తోలేవాళ్ళు తిప్పారు, గొలుసు మార్చారు. ఇంకా కొంచెం టైముంది. ఎడ్లు కదల్లేదు. అరిచారు, తోకలు మెలిపెట్టారు, బతిమాలారు. ఒక్క అంగుళం కూడా కదల్లేదు. మాస్టారు ఈల ఊదాడు. మూడువేల అడుగులు. ఫస్టు వాళ్ళదే. జనం తలపాగాలు ఎగరేశారు. నాకు మాత్రం చూపంతా ఆ ఎడ్లు నిలబడ్డ చోటు మీదే ఉంది. సున్నం గీత మీద, బయలుదేరిన గీత మీద, తలలు వాల్చుకుని నిలబడి ఉన్నాయి. నేను కోరుకున్నా ఇంత చక్కగా కుదరదు.

"దూరం లెక్కలో మామగారి జత మూడువేలు, దుర్గి జత రెండువేల ఎనిమిదొందలు" అని మొదలుపెట్టాను. "సగటు వడి నిమిషానికి నూటయాభై అడుగులు, చప్పట్లు కొట్టండి. కాకపోతే, పొద్దున మా గురువుగారు చెప్పిన ముఖ్యమైన లెక్క ఇంకోటుంది. దుర్గి ఎడ్లు బయలుదేరిన చోటు నుంచి రెండొందల అడుగులు ముందుకి పోయి ఉన్నాయి. మామగారి ఎడ్లు యాడియి ఆడే ఉన్నాయి. ఎంత చెమటోడ్చినా పోయింది... ఎంత మాస్టారూ?"

వెనక నుంచి ఎవడో "సున్నా!" అని అరిచాడు. ఇక తిరునాళ్ళ మొత్తం అందుకుంది. సున్నా, సున్నా అని పిల్లలు గంతులు. దుర్గి ఆసామి నవ్వుతానే స్టేజీ ఎక్కి, "మాస్టారే గదయ్యా చెప్పింది, సదువుకున్నోడు. ముఖ్యమైన లెక్కలో మేం గెలిచాం. ఇయ్యండి షీల్డు" అన్నాడు. ఆయన వెనక వచ్చినవాళ్ళు నవ్వటం లేదు. ఇటు మామగారి మనుషులు కూడా కర్రలు వెతుక్కుంటున్నారు. మా వైపు నవ్వులాటకీ తలకాయ పగలటానికీ మధ్య ఎక్కువ దూరం ఉండదు. భాయ్ నా చొక్కా లాగి "బస్ బేటా, బస్" అంటా ఆంప్లిఫయరు గుండీ మీద చెయ్యేశాడు. ఆయన చేతి మీద నా చెయ్యేసి నొక్కిపెట్టాను. మామగారు లేచి నిలబడి, అందరికీ వినపడేట్టు, "ఏందయ్యా అల్లుడూ, నా తిండి తిని నా ఎడ్లనే సున్నా చేశావే?" అన్నాడు. మాస్టారు చెమటతో తడిసిపోయి, గడియారం పట్టుకున్న చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. నేను మైకు ఆయన మూతి దగ్గర పెట్టాను.

"పందేనికి దూరమే లెక్క" అన్నాడు నెమ్మదిగా.

"అంటే మాస్టారూ, బయలుదేరిన చోటికే వచ్చినా, తిరిగింది తిరిగినట్టేనా?"

"తిరిగినట్టే."

"సున్నా కాదా?"

"కాదు."

"వెనకోళ్ళకి వినపడలా మాస్టారూ. గట్టిగా."

ఆయన నా మొహంలోకి చూశాడు. అప్పుడు గుర్తుపట్టాడు. ముందు కళ్ళు, తర్వాత పెదాలు, తర్వాత మెడ కూడా గుర్తుపట్టింది. బోరింగు పంపు దాకా గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయింది. కళ్ళజోడు తీసి, మైకు రెండు చేతులతో పట్టుకుని, "సున్నా కాదు" అన్నాడు. మిద్దె మీద హారను, వేపచెట్టుకి కట్టిన హారను, చెరువు కట్ట మీది హారను, మూడూ ఒకదాని వెనక ఒకటి "కాదు, కాదు, కాదు" అన్నాయి. ఆ శబ్దం నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. దుర్గి ఆసామి పెద్దమనసుతో "మాస్టారి మాటే మాట" అని దిగిపోయాడు. షీల్డు మామగారి మేకుకే పోయింది. ఆ పూట దాటక ముందే సున్నా అన్న పేరు నన్ను వదిలి మాస్టారి భుజాలెక్కింది. "సున్నా మాస్టారు పోతున్నాడ్రోయ్" అని పిల్లలు ఆయన వెంటబడటం నా కళ్ళతో చూశాను. జాలి పడ్డానని రాస్తే బాగుంటుంది, కానీ పడలా. ఆ పూట రెండు ప్లేట్లు మిరపకాయ బజ్జీలు తిన్నాను, రెండూ తియ్యగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున హారన్లు దించటానికి మామగారి మిద్దె ఎక్కాను. కింద పెరట్లో మాస్టారి భార్య ఎండుమిరపకాయల తొడిమలు తీస్తా కూర్చుని ఉంది. నన్ను చూసి చేతులు దులుపుకుని లేచింది. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలని కూడా ఉంది నాకు, తిడితే లెక్క పూర్తవుద్ది. ఆమె నిచ్చెన కదలకుండా పట్టుకుని, నేను దిగేదాకా ఆగి, "ఆయన్ని నువ్వే గదా నిన్న మైకులో అన్నది?" అని అడిగింది.

"నేనే అక్కా" అన్నాను, రొమ్ము కొంచెం విరుచుకుని. "ఎనిమిదేళ్ళ నుంచి కాచుకుని ఉన్నా. పదిమందిలో తలొంచుకోవటం అంటే ఏందో ఆయనకి కూడా తెలియాలిగా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. కొంగుతో చేతికంటిన మిరపకారం తుడుచుకుంటా అంది:

"దానికి నీకు ఎనిమిదేళ్ళు పట్టిందంటయ్యా? మా నాన్న రోజూ పొద్దున కాఫీ చల్లారేలోపు చేస్తాడు ఆ పని."